జ్ఞాపకాల జనరల్ నాలెడ్జి: అరుగు మీద నేర్చుకున్న పది పాఠాలు

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకు సోషల్ చెప్పాను. రిటైరయ్యాక నర్సీపట్నంలో మా వీధి అరుగు మీద పెద్దవాళ్ళకు ప్రశ్నలు వేసే పని నెత్తికెత్తుకున్నాను. దీనికి జీతం లేదు, మార్కులు లేవు. ఎండ చల్లబడ్డాక నలుగురం చేరతాం. మోకాళ్ళ నొప్పులూ, మందుల ధరలూ అయ్యాక ఎవరో ఒకరు "మాస్టారూ, ఇవాళేటి అడుగుతారు?" అంటారు. అక్కణ్ణించి దీపాలు పెట్టేదాకా అదే కాలక్షేపం.

జనరల్ నాలెడ్జి అంటే గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్ళ సొత్తని చాలామంది అనుకుంటారు. డెబ్భై ఏళ్ళు బతికిన మనిషి దగ్గర ఉన్న సరుకు ఏ గైడులోనూ దొరకదు. దాన్ని బయటికి రప్పించాలంటే అడిగే తీరు తెలియాలి, వచ్చిన జవాబును సరిచూసుకునే ఓపికా ఉండాలి. నాకు తెలిసొచ్చినవి రాస్తున్నాను. మీ వీధిలో మీరూ మొదలుపెట్టుకోండి.

1. మొదటి ప్రశ్న సొంత ఊరి మీదే వెయ్యాలి

ప్రపంచంలో ఎత్తైన శిఖరం ఏదని అడిగితే ఒక్కమాటలో చెప్పేసి ఊరుకుంటారు. "నర్సీపట్నానికి రైల్వే స్టేషనుందా?" అని అడిగి చూడండి. సగం మంది ఉందంటారు, సగం మంది లేదంటారు. రెండూ ఒప్పే. హౌరా–చెన్నై మెయిన్ లైను మీద తునికీ యలమంచిలికీ మధ్య 'నర్సీపట్నం రోడ్' అనే స్టేషనుంది. ఊళ్ళో మాత్రం పట్టాలే లేవు. అక్కడ దిగి మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఈ ప్రశ్న వేసిన సాయంత్రం రెండో ప్రశ్నకు వ్యవధి దొరకదు. పేరు చూసి టికెట్టు తీసుకుని, పెట్టెలతో దిగి దిక్కులు చూసిన పెళ్ళివారి కథ ఒకరు మొదలుపెడితే, ఇంకొకరు అర్ధరాత్రి దిగిన అల్లుడి కథ అందుకుంటారు.

ఇంకో ప్రశ్న ఉంది: మన ఊళ్ళో తెల్లదొరల సమాధులు ఎవరివి? 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం కాపుకాసి కొట్టిన దెబ్బకు చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులవి. ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ళలో కూడా ఈ సంగతి తెలియనివాళ్ళున్నారు. మర్నాడు పొద్దున్నే నడకకు వెళ్ళినప్పుడు అటు వెళ్ళి చూసొస్తారు. ఆట అరుగు దాటి వీధిలోకి నడిస్తే ప్రశ్న బాగున్నట్టే.

2. మనిషి పుట్టిన ఏడు చూసి ప్రశ్న ఎంచాలి

మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పే మాట ఒకటుంది. పెద్దవయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే సుమారు పదేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుకొస్తాయట. అరుగు మీద చూస్తే అది అక్షరాలా నిజం.

1950లో పుట్టినవాళ్ళను 1960 నుంచి 1980 దాకా అడగాలి. తెలుగులో తొలి పూర్తి రంగుల సినిమా 'లవకుశ' 1963లో వచ్చింది. ఉత్తరం మీద పిన్‌కోడ్ రాయడం 1972 ఆగస్టు 15న మొదలైంది. మన నర్సీపట్నం 531116 అప్పటి పద్ధతే. 'ఈనాడు' మొదటి సంచిక 1974 ఆగస్టు 10న వెలువడింది హైదరాబాదులో కాదు, మన విశాఖపట్నంలో. అరవై దాటిన 'కుర్రాళ్ళు' కూడా మా అరుగెక్కుతారు. వాళ్ళకు ఇవి తాతల కబుర్లు. వాళ్ళను 1983 ప్రపంచ కప్పూ, 1984లో రాకేశ్ శర్మ రోదసి యాత్రా, 1987లో మొదలైన ఆదివారం రామాయణం సీరియలూ అడగాలి. ఎనభై ఏళ్ళాయనా అరవై ఏళ్ళాయనా పక్కపక్కన కూర్చున్నప్పుడు ప్రశ్నలు కలిపి వెయ్యాలి. లేకపోతే ఒకాయన విజృంభిస్తుంటే ఇంకొకాయన కునుకు తీస్తాడు.

3. తేదీ అడగొద్దు, ఆ రోజు ఏం చేస్తున్నారో అడగాలి

చంద్రుడి మీద మనిషి కాలుపెట్టింది 1969 జులై 20న అని పుస్తకాల్లో ఉంటుంది. అది అమెరికా గడియారం. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు కింద పెట్టేసరికి మనకు 21వ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. అందుకే "ఆవేళ నేను బడికి బయల్దేరుతున్నాను" అని ఒకాయన అన్నప్పుడు, "రాత్రి కదా దిగింది" అని పక్కాయన ఎద్దేవా చేస్తే, బడికెళ్ళిన ఆయనే గెలిచాడు. నౌక దిగింది మన లెక్కన అర్ధరాత్రి దాటాక, మనిషి దిగింది పొద్దున. దానికి రెండు రోజుల ముందు, జులై 19న, 14 బ్యాంకులను జాతీయం చేశారు. ఒకే వారంలో రెండు పెద్ద వార్తలు. మా బ్యాంకు ఉద్యోగి గారికి చంద్రుడి కంటే బ్యాంకే బాగా గుర్తుంది.

1979 జులైలో స్కైలాబ్ సంగతి ఇంకా రంజు. 77 టన్నుల అంతరిక్ష కేంద్రం ఎవరి నెత్తిన పడుతుందోనని దేశమంతా వణికింది. "అది ఎక్కడ పడింది?" అని అడిగితే ఒకరిద్దరు చెబుతారు: హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ. "ఆ వారం మీ ఇంట్లో ఏం వండారు?" అని అడిగితే అందరూ చెబుతారు. పోయేముందు తినిపోదామని ఉన్న కోళ్ళన్నీ కోసుకున్నవాళ్ళు, తెల్లారి బతికున్నందుకు కోళ్ళ కోసం ఏడ్చినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

4. చేతిలో వస్తువు పెడితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది

నా దగ్గరొక చిల్లు కానీ ఉంది. గోధుమరంగు తిరిగిన చిన్న ఇత్తడి రింగులా ఉంటుంది గానీ అది కంచు. మధ్యలో గుండ్రటి చిల్లు, ఒక పక్క కిరీటం, 1944 అని సంవత్సరం. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం కొరతగా ఉండి, ఆదా చెయ్యడానికి అలా చిల్లు పెట్టి వేశారు. దాన్ని ఒకరి చేతిలో పెడితే ముందు చిల్లులోంచి కన్ను పెట్టి చూస్తారు. తర్వాత ఒకరికి మొలతాడుకు గుచ్చిన బిళ్ళ గుర్తొస్తుంది, ఇంకొకరికి కొట్లో కొన్న బెల్లం ముక్క గుర్తొస్తుంది.

అప్పుడు లెక్క అడగాలి. మూడు దమ్మిడీలు ఒక కానీ, నాలుగు కానీలు ఒక అణా, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, పదహారణాలు రూపాయి. అంటే రూపాయికి 64 కానీలు, 192 దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి నూరు ముక్కలైంది. ఆరణాలకు ముప్ఫైయేడున్నర నయాపైసలు కదా, ఆ అర పైస ఎవరికి పోయిందన్న తగువు కొట్ల దగ్గర కొన్నేళ్ళు నడిచింది. 1964లో 'నయా' ఊడిపోయి వట్టి పైస మిగిలింది. పావలా బిళ్ళ చెలామణీ 2011 జూన్ 30తో ముగిసింది. ఇంత చరిత్ర చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఒక్క కానీ చాలు.

5. కొలతల దగ్గర ఆడవాళ్ళదే రాజ్యం

రాజకీయాలూ క్రికెట్టూ అడిగినన్నాళ్ళూ మా వీధి ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి నవ్వి వెళ్ళిపోయేవారు. ఒకసారి "కుంచానికి ఎన్ని గిద్దలు?" అన్నాను. మగవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఎదురింటి అత్తగారు చాటలో బియ్యం చెరుగుతూనే "అరవై నాలుగు" అంది.

లెక్క ఇదీ: నాలుగు గిద్దలు సోల. అక్కణ్ణించి కుంచం దాకా అన్నీ రెట్టింపులే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఆ పైన నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. రూపాయికి కానీలూ 64, కుంచానికి గిద్దలూ 64. సగం చేసుకుంటూ పోతే చివరిదాకా చిల్లర మిగలని అంకె అది. చదువురాని మనిషి కూడా తప్పు లేకుండా పంచగలిగేది అందుకే.

ఆవిడ అంతటితో ఆగలేదు. లోపల్నుంచి సోల తెచ్చి బియ్యం పోసి చూపించింది. అరచేత్తో సాపు చేసి కొలిస్తే ఒక లెక్క, పైన శిఖరం నిలిచేలా పోస్తే ఇంకో లెక్క. అప్పిచ్చేటప్పుడు ఏది, తీసుకునేటప్పుడు ఏది అన్నదాని మీదే ఇరుగుపొరుగు సఖ్యత ఆధారపడి ఉండేదట. ఊరికో కొలత, షావుకారుకో కుంచం ఉన్న రోజులవి. 1956లో మెట్రిక్ తూనికల చట్టం వచ్చి, తర్వాతి ఏళ్ళలో కిలోలూ లీటర్లూ నెమ్మదిగా అలవాటయ్యాయి. ఆ గిద్దల ప్రశ్న తర్వాత మా అరుగు మీద ఆడవాళ్ళ పీట వేరే వెయ్యక్కర్లేకపోయింది.

6. కళ్ళు మరిచినదాన్ని చెవి మరవదు

పేర్లు గుర్తుండటం లేదని వాపోయే పెద్దాయన్ను ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూను నోటితో అనమనండి. తడుముకోకుండా అంటాడు. ఆ ట్యూను కట్టినవాడు వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. ఐరోపాలో హిట్లరు పీడ ముదురుతుంటే ఇండియా వచ్చి బొంబాయి రేడియోలో పనిచేశాడు. ఎక్కడి మనిషో కట్టిన బాణీకి మన తెలుగు ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది.

రేడియో మీద ప్రశ్నలకు కొదవ లేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, విశాఖపట్నం కేంద్రం 1963లో. వివిధభారతి 1957 అక్టోబరు 3న. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వినిపించిన గొంతు ఎవరిదంటే మీనాక్షి పొన్నుదురై అని చెప్పడానికి మావాళ్ళు పోటీ పడతారు. మనవలు నమ్మలేని ప్రశ్న ఒకటుంది: రేడియో వినడానికి లైసెన్సు ఉండేదా? ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి డబ్బు కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. ఎనభైల నడుమ దాన్ని ఎత్తేశారు. ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో దాచుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. తనిఖీకి ఎవరైనా వస్తారేమోనన్న భయం ఇంకా పోలేదేమో.

7. జవాబుకు తేదీ ఉంటుంది

"మీరు ఏ రాష్ట్రంలో పుట్టారు?" తేలికైన ప్రశ్నలా ఉంటుంది. నర్సీపట్నంలో 1950లో పుట్టి ఇల్లు కదలని మనిషిని చూడండి. పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాడు, రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాడు, రాజధాని హైదరాబాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో తెలంగాణ వేరుపడింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది, విశాఖపట్నం పోయి అనకాపల్లి వచ్చింది. ఆయన మాత్రం అదే వీధి, అదే గుమ్మం.

దీంట్లోంచి పుట్టిన ప్రశ్నే మా అరుగు మీద అందరికీ ఇష్టమైనది: అల్లూరి సీతారామరాజు సమాధి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉందా? లేదు. ఆయన పుట్టిన పాండ్రంగి విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1922 ఆగస్టు 22న మొదట కొట్టిన చింతపల్లి పోలీస్ స్టేషను అల్లూరి జిల్లాలోకి వెళ్ళింది. సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలో, అంటే అనకాపల్లి జిల్లాలో ఉంది. 2022కు ముందు ఈ మూడూ విశాఖ జిల్లాయే. కాబట్టి ఎవరైనా పాత జవాబు చెబితే తప్పు అనకండి. "ఎప్పటి మాట?" అని అడగండి. మన వయసువాళ్ళ జవాబుల్లో చాలావాటికి ఆ ఒక్క మాటతో పరువు దక్కుతుంది.

8. గట్టిగా చెప్పినంత మాత్రాన నిజమైపోదు

జ్ఞాపకానికి గౌరవం ఇవ్వాల్సిందే, రుజువు కూడా అడగాల్సిందే. తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని మన తరం అంతా బట్టీ పట్టింది. ఆ తేదీన పండగలు కూడా చేశారు. పరిశోధకుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తిరగేసి, అది విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అని తేల్చాడు. ఎనభై ఏళ్ళ నమ్మకం కాగితం ముందు నిలవలేదు.

అందుకని 'మొదటిది ఏది' అనే ప్రశ్నలతో జాగ్రత్త. వాటిలోనే తప్పులెక్కువ, వాదనలూ ఎక్కువే. మా అరుగు మీద ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఇద్దరు రెండు జవాబులు పట్టుకుని గొంతు పెంచితే, రెండూ నోటుబుక్కులో రాసి "రేపు చూద్దాం" అంటాం. లైబ్రరీలోనో, పాత పుస్తకంలోనో చూసుకొచ్చినవాడి మాట చెల్లుతుంది. వాట్సాప్‌లో వచ్చిందంటే చెల్లదు. అది పక్కవాడి నోటిమాటే, ఫోను తొడుక్కుని వచ్చింది.

9. మరిచిపోయినవాడికి జవాబు అందించొద్దు, దారి చూపించాలి

"పేరు నోట్లోనే ఉంది, రావట్లేదు" అనే మాట మా అరుగు మీద వినని రోజుండదు. పక్కవాళ్ళు ఠక్కున చెప్పేస్తే ఆయన మొహం చిన్నబోతుంది. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' సినిమాలో తెల్లదొర రూథర్‌ఫర్డ్ వేషం ఎవరు వేశారని అడిగాను. గంభీరమైన గొంతు అన్నాడు ఒకాయన, పేరు రాలేదు. సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ రేడియోలో తెలుగు వార్తలు చదివాడని ఒక ఆధారం ఇచ్చాను. రాలేదు. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు గెలిచాడన్నాను. "జగ్గయ్య!" అని తొడ చరిచాడు. ఆయన ఆ రాత్రి ఇంటికి వెళ్ళి కూడా ఆ సంగతే చెప్పుకున్నాడట.

పేర్లు ఆలస్యంగా రావడం వయసుతో వచ్చేదే, కంగారుపడక్కర్లేదు. రోజూ నడిచే దారి తప్పుతుంటే, అడిగిన మాటే పదేపదే అడుగుతుంటే, డబ్బు లెక్క తేడా వస్తుంటే మాత్రం ఇంట్లోవాళ్ళకు చెప్పి డాక్టరుకు చూపించాలి. మా ప్రశ్నల ఆట మందు కాదు. కాకపోతే రోజూ కలిసి కూర్చునేవాళ్ళే ఆ తేడాను ముందుగా కనిపెడతారు.

10. మనవల్ని కూర్చోబెట్టుకుంటే రెండు వైపులా లాభం

సీతారామరాజు ఎవరంటే మా మనవడి వయసువాళ్ళు రామ్‌చరణ్ అంటారు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' చూసినవాళ్ళు కదా. కోప్పడకూడదు. మనకూ ఆ వయసులో సీతారామరాజంటే సూపర్‌స్టార్ కృష్ణే. ఆ 'అల్లూరి సీతారామరాజు' ఆయన నూరో సినిమా, తెలుగులో తొలి సినిమాస్కోప్. చింతపల్లి అడవుల్లో తీశారు. షూటింగు నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశాడు. అందులో పాటకు శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. అల్లూరిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపింది 1924 మే 7న, సినిమా విడుదలైంది 1974 మే 1న. యాభై ఏళ్ళకు ఆరు రోజులు తక్కువ. ఇది చెబితే పిల్లలు ఫోను పక్కనపెట్టి "అయితే తాతగారూ, నిజంగా ఏం జరిగింది?" అంటారు. అప్పుడు మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు కొట్టి 26 తుపాకులు పట్టుకెళ్ళిన కథ చెప్పండి. వాళ్ళు మనకు ఆస్కార్ పాట చరణాలు నేర్పుతారు. బదులు తీరిపోతుంది.

లేచేముందు ఒక ప్రశ్న మర్నాటికి మిగల్చడం మా ఆనవాయితీ. మీకూ ఒకటి మిగులుస్తున్నాను. అణాకు మూడు జామకాయలు. రూపాయిన్నర పెడితే ఎన్ని వస్తాయి? మనవల్ని కాలిక్యులేటరు తియ్యమనండి. రూపాయికి ఎన్నణాలో ముందు మిమ్మల్ని అడగాల్సిందే.